చెనిక్కాయ చేను, వయ్యారిభామ

"నిదానం" అన్న మాటను మనం తెలుగులో వాడే తీరు వేరు, సంస్కృతంలో దాని అర్థం వేరు. "నిదానంగా రా నాయనా" అంటే మెల్లగా రమ్మని. వైద్యశాస్త్రంలో నిదానమంటే రోగానికి మూలకారణం, ఆ కారణాన్ని నిర్ణయించే పద్ధతి. మాధవకరుని రోగవినిశ్చయానికి లోకంలో మాధవనిదానమనే పేరు స్థిరపడింది. అందులో చికిత్స చెప్పడు. ఉన్నదంతా కారణాలూ లక్షణాలే. మందు పేరు చెప్పకుండా ఒక వైద్యగ్రంథం వందల ఏళ్ళు నిలిచిందంటే ఆ పనికి పెద్దలిచ్చిన విలువ తెలుస్తుంది. మూలం వెతకడానికి తొందర పనికిరాదు కనుకనే తెలుగువాడు ఈ మాటను నెమ్మదికి పర్యాయపదం చేసుకున్నాడేమో అని తరగతిలో పిల్లలతో అనేవాణ్ణి. ఇది నిరుక్తం కాదు, పంతులుగారి చమత్కారం మాత్రమే. నిఘంటుకారులు క్షమింతురు గాక.

ఈ టపా మనుషుల రోగాల గురించి కాదు. పూత మీదున్న చేనులో ఆకు మాడితే దాని నిదానమెట్లా జరిగిందన్నది విషయం. జరిగినది 2000 సంవత్సరం ఖరీఫులో, మా అనంతపురం జిల్లాలో. (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. నాకు మాత్రం నోరు తిరిగేది పాత పేరే.)

పుస్తకాల్లో వేరుశనగ అంటారు. మా వైపు చెనిక్కాయ, లేదా బుడ్డలు. ఎర్రనేల, లోతు తక్కువ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆ వానను నమ్ముకొని ఆ రోజుల్లో జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఈ ఒక్క పంటే వేసేవారు. విత్తిన ఇరవై అయిదు, ముప్ఫై రోజులకు పూత మొదలవుతుంది. చిన్న పసుపుపచ్చ పువ్వు తెల్లవారుజామున విచ్చి ఎండెక్కేసరికి వాడిపోతుంది. దాని అడుగునుంచి ఊడ బయలుదేరి భూమిలోకి దిగి అక్కడ కాయ కడుతుంది. పూచేది పైన, కాచేది కింద. అందువల్ల కాయ ఎట్లా ఉందో పెరికి చూస్తే గాని తెలియదు. పెరికితే ఆ మొక్క పోయినట్టే. అంతవరకూ రైతుకు కబురు చెప్పేది ఆకు ఒక్కటే.

ఆ ఆకును మా పెద్దలు ఎంత నిశితంగా చదివేవారో చెబితే మీకు ముచ్చటేస్తుంది. పసుపు తిరిగింది ముదురాకా, లేతాకా అన్నది మొదటి ప్రశ్న. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురాకు నుంచి దాన్ని తీసి లేతాకుకు పెడుతుంది. అందుచేత కింది ఆకులు ముందు పండుతాయి. ఇల్లు గడవనప్పుడు తల్లి తాను పస్తుండి పిల్లకు పెట్టినట్టన్నమాట. ఇనుము సంగతి వేరు. ఒకసారి ఆకులో చేరిన ఇనుము అంత సులువుగా కదలదు. అందువల్ల సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో లేతాకులే ముందు పాలిపోతాయి. ఈనెలు పచ్చగా మిగిలి, తరువాత అవీ తెల్లబడతాయి. దానికి లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి కొట్టడం అందరికీ తెలిసిన మందు. అన్నభేది! ఎంత చక్కని మాట! రసాయనశాస్త్రం చదివిన మా అల్లుడు దాన్ని ఫెర్రస్ సల్ఫేటు అంటాడు గాని, మందులంగట్లో ఇప్పటికీ అన్నభేది అంటేనే ఇస్తారు.

ఆకు కొనలో పసుపు, ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో తిరగబడి కనిపిస్తే పచ్చదోమ. ఆకు పైన గోధుమరంగు మచ్చ, చుట్టూ పసుపు వలయం ఉంటే తొలి ఆకుమచ్చ. అడుగున నల్లగా ఉంటే మలి ఆకుమచ్చ. రెండింటినీ కలిపి తిక్క తెగులంటారు. బొట్టు అన్న అర్థంలో హిందీ నుంచి వచ్చిన మాట అది. మా రైతులు మాత్రం "చేనుకు తిక్క పట్టినాది" అని నవ్వుతూ అంటారు. ఆకు అడుగున ఇటుకపొడి చల్లినట్టుంటే తుప్పు. దూరం నుంచి చేనంతా నిప్పంటుకున్నట్టు కనిపిస్తే ఆకుముడత పురుగు. ఇదంతా బడికి పోని చదువు. మా నాయన సంతకం చేయడానికి తడబడేవాడు గాని, ఈ చదువులో ఆయనను మించినవారు మా ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉండేవారు.

2000లో వచ్చిన తెగులు ఈ చదువుకు అందలేదు.

అప్పుడు నేను ధర్మవరంలో పని చేస్తున్నాను. కాపురం పెనుకొండలో. రోజూ రైలు ప్రయాణం. మా ఊరు పెనుకొండకు ఆరు మైళ్ళు. అక్కడ మా పెద్దన్న ఆరెకరాల మెట్ట సేద్యం చేసేవాడు. తొలకరి పదునుకు టి.ఎం.వి. 2 రకం విత్తాడు. టి.ఎం.వి. అంటే తిండివనం. తమిళదేశపు పరిశోధనస్థానంలో పుట్టిన విత్తనమైనా, మా వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వేసి వేసి దాన్ని సొంతం చేసుకున్నారు. మొలక బాగా వచ్చింది. ఆగస్టులో, పూత మొదలయ్యే వేళకు, ఒక ఆదివారం నేను ఊరికి పోయేసరికి అన్న చేతిలో నాలుగు మొక్కలతో అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"ఏమిరా, నువ్వు చదివినోనివి గదా. ఈ ఆకులో ఏం రాసినాదో చదువు చూద్దాం" అన్నాడు.

పైనున్న లేతాకుల మీద గోధుమరంగు మాడుమచ్చలు. మాడు ఆకుతో ఆగక, కాడకు దిగి, కాడ నుంచి కాండానికి పాకింది. మొవ్వ చచ్చిపోయి వాలింది. ఒక మొక్కలో అయితే పైసగం నల్లగా ఎండి, కిందిసగం ఇంకా పచ్చగా ఉంది. చేలోకి పోయి చూస్తే ఇటువంటివి అక్కడొకటి, ఇక్కడొకటి. వారం తిరిగేసరికి అవి చాళ్ళు చాళ్ళుగా కనిపించాయి. గట్టు వైపు ఎక్కువ, నడుమ తక్కువ. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి. దాని పని తరువాత ఉంది.

ఊరంతా ఒకే పేరు చెప్పింది: మొవ్వకుళ్ళు. ఆ పేరు గల వైరసు తెగులు మా వాళ్ళకు కొత్త కాదు. తామరపురుగులు మోసుకొస్తాయి. తామరపురుగంటే చీలిక పేలిక రెక్కలతో, కంటికి కనీకనపడనంత సన్నగా ఉండే పురుగు. పూలలోనూ లేత చిగుళ్ళలోనూ దాగి రసం పీలుస్తుంది. పేరు తెలిసింది గనుక మందూ తెలిసినట్టే అనుకున్నారు. పురుగును చంపితే తెగులు ఆగుతుందని మందులంగడి ఆయన మోనోక్రోటోఫాస్ ఇచ్చాడు. ఆగలేదు. మోతాదు పెంచమన్నాడు. పెంచినా ఆగలేదు. మూడోసారి వేరే డబ్బా ఇచ్చాడు. అన్న అప్పటికే సొసైటీలో అప్పు తీసుకొని ఉన్నాడు. మందులకు చేబదులు తెచ్చాడు. చివరి డబ్బాకు మా వదిన కమ్మలు కుదువకు పోయాయి. ఒక తెగులుకు తప్పు పేరు పెడితే ఎంత ఖర్చవుతుందో నాకు ఆ కమ్మల లెక్కలోనే తెలుసు. ఎవరికి వారు ఎవరినో ఒకరిని తిట్టుకున్నారు. విత్తనం చెడ్డదన్నవాళ్ళున్నారు, గాలి చెడ్డదన్నవాళ్ళున్నారు, గంగమ్మ జాతర సరిగా చేయలేదన్నవాళ్ళూ ఉన్నారు.

మా బళ్ళో జీవశాస్త్రం చెప్పే అయ్యవారొకరు ఉండేవారు. చిలమత్తూరు వైపు మనిషి, మితభాషి. మా ఊరి మొక్కలు రెండు తడిగుడ్డలో చుట్టి పట్టుకుపోయి ఆయన ముందు పెట్టాను. భూతద్దంతో చాలాసేపు చూశారు. చూసి, ఆకు మీద ఉన్నదాని గురించి గాక లేనిదాని గురించి మాట్లాడారు.

"మొవ్వకుళ్ళయితే లేతాకుల మీద పసుపు వలయాలు కనపడాల గదండీ, లేవు. మొవ్వ చచ్చినాక పక్క కొమ్మలు గుబురుగా లేయాల, చిన్న చిన్న ఆకులతో చెట్టు పొదమాదిరి కావాల. అదీ లేదు. ఇది పైనుంచి కిందికి కాలుకుంటా వస్తాంది. ఇది వేరే ఏదో."

ఆ వేరే ఏదో ఏమిటన్నది ఆయన చెప్పలేదు. కాని మరొక మాట అన్నారు. బాగేపల్లి వైపు వాళ్ళ బంధువుల పొద్దుతిరుగుడు మూడేళ్ళుగా ఇట్లాగే మాడి, మెడ వంకర తిరిగి పోతోందని. బాగేపల్లి మనకు పరాయి ఊరేమీ కాదు. కొడికొండ చెక్‌పోస్టు దాటితే వచ్చేదే. కర్ణాటకమైనా ఇంట్లో మాట తెలుగే. పొద్దుతిరుగుడు మాడుతెగులును మనదేశంలో మొదట గుర్తించినది 1997లో ఆ బాగేపల్లిలోనే అని తరువాత చదివి తెలుసుకున్నాను. రాష్ట్రాల సరిహద్దు మనుషులకు ఉంటుంది. గాలికీ పురుగుకీ చెక్‌పోస్టు లేదు.

ఆ సంవత్సరం మా జిల్లాలో 2,25,000 హెక్టార్ల చెనిక్కాయకు ఈ తెగులు సోకిందనీ, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందనీ శాస్త్రజ్ఞుల అంచనా. ముప్ఫై రోజుల లోపు సోకిన మొక్క దాదాపు బతకదు. ఆలస్యంగా సోకినది బతికినా కాయలు చిన్నవై, పొట్టు మీద నల్లమచ్చలు పడతాయి. మా అన్న ఆరెకరాల్లో వచ్చినది కూలి ఖర్చుకు చాలలేదు. పశువులకు మేతయినా మిగిలిందా అంటే, మూడుసార్లు మందు కొట్టిన కట్టెను ఏ మనసుతో మేపుతారు?

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారు మా పల్లెల నుంచి మాడిన మొక్కలు తీసుకుపోయి పరీక్షించారు. అది మొవ్వకుళ్ళు వైరసు కాదని తేలింది. టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. తెలుగులో పొగాకు చారల వైరసు అనుకుందాం. అమెరికాలో 1936లో పొగాకు మీద దీన్ని వర్ణించారు. మన పొద్దుతిరుగుడులో ఉన్నదీ ఇదేనని 2000లోనే చెప్పారు. వేరుశనగ సంగతి 2002లో పత్రంగా వెలువడింది. ఈ కొత్త తెగులుకు కాండంకుళ్ళు వైరసు తెగులని పేరు పెట్టారు. విత్తనం ద్వారా రాదని పరీక్ష చేసి తేల్చారు. విత్తనాన్ని తిట్టినవాళ్ళు నోరు మూసుకున్నారు. గంగమ్మ కూడా నిర్దోషి అయింది.

అయితే వచ్చినదెక్కడ నుంచి? నన్ను ఈనాటికీ వదలనిది ఈ భాగమే.

మొవ్వకుళ్ళు వైరసు తామరపురుగు కడుపులోకి పోయి, అక్కడ పెరిగి, జీవితాంతం దాని లాలాజలంతో బయటికి వస్తుంది. పురుగే వాహనం. కాండంకుళ్ళు వైరసు పద్ధతి అది కాదు. అది ఉండేది పుప్పొడిలో. రోగమున్న మొక్క పూస్తే ఆ పుప్పొడి గాలికి లేచి పక్క చేను ఆకుల మీద పడుతుంది. లేదా పూలలో తిరిగే తామరపురుగు ఒంటికి అంటుకొని వస్తుంది. అంతమాత్రాన తెగులు రాదు. ఆకు మీద పడిన పుప్పొడి ఆకు లోపలికి పోలేదు. తామరపురుగు ఆకును గీరి రసం పీల్చినప్పుడు పడే గాటు ఉన్నదే, ఆ గాటులోకి పుప్పొడిలోని వైరసు దిగుతుంది. పుప్పొడి ఉండాలి, గాటు ఉండాలి, రెండూ ఒకే ఆకు మీద, ఒకే వేళకు కలవాలి.

వ్యాకరణం చెప్పుకొని బతికినవాణ్ణి గనుక నాకు ఇది కారకప్రకరణంలా కనిపిస్తుంది. ఆకు కర్మ. తామరపురుగు కరణం, అంటే పనిముట్టు మాత్రమే. మరి కర్త? "ఆకు మాడ్చబడినది" అన్న కర్మణి వాక్యంలో కర్తను చెప్పకుండా దాచేయవచ్చు. మా చేలల్లో జరిగినది సరిగ్గా ఆ వాక్యమే. అందరూ కరణాన్ని పట్టుకొని మూడు డబ్బాల మందు కొట్టారు.

కర్త గట్టు మీద ఉంది. తెల్లని చిన్న చిన్న పూలతో, కొత్తిమీర వంటి ఆకుతో, చిరుగాలికి నడుము వంచి ఊగుతూ ఉంది. వయ్యారిభామ!

ఎవరు పెట్టారో గాని ఆ పేరు పెట్టినవారికి కావ్యపరిచయం తప్పక ఉండి ఉంటుంది. శాస్త్రనామం పార్థీనియం. కొందరు కాంగ్రెస్ గడ్డి అనీ, క్యారెట్ గడ్డి అనీ అంటారు. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. మనదేశంలో 1955లో పూనాలో కనిపించిందని రాస్తారు. అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందని జనశ్రుతి. ఎట్లా వస్తేనేం, బీడు, బాట, గట్టు, రైలుకట్ట ఏదీ వదలలేదు. ఒక్క చెట్టుకు వేలకొద్దీ విత్తనాలు. పశువు ముట్టదు. తాకితే చాలామందికి ఒళ్ళు దద్దురులెక్కుతుంది. మా వదినకు మోచేతులదాకా పొక్కులు వచ్చేవి. దీన్ని తినడానికి మెక్సికో నుంచి ఒక పెంకుపురుగును తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో అది కొంత తింటుంది. ఎంత తిన్నా వయ్యారానికి లోటు రాలేదు.

అసలు విచిత్రం ఇంకొకటి ఉంది. వైరసును కడుపునిండా పెట్టుకున్నా వయ్యారిభామ ఆకు మీద మచ్చ పడదు. మాడదు, వాలదు, పచ్చగా నవనవలాడుతుంది. పైగా ఒకసారి పూసి ఊరుకోదు. వాన పడ్డప్పుడల్లా విడతలు విడతలుగా పూస్తుంది. తొలకరికి ముందు పడిన జల్లులకు మొలిచినది చెనిక్కాయ లేతగా ఉన్న నాటికి సరిగ్గా పూతకు వస్తుంది. అందుకే గట్టు వైపు మాడు ఎక్కువ, నడుమ తక్కువ. ఆకు చదివే మా పెద్దలు రోగమున్న ఆకునే చదివారు. రోగం లేనట్టు కనపడే ఆకును చదవాలని ఎవరికైనా ఎందుకు తోస్తుంది? ధర్మవరం రైలు కిటికీలో నాకు రోజూ రెండూ ఒకదాని వెంట ఒకటి కనిపించేవి: కట్టకు అటూ ఇటూ తెల్లగా పూసిన వయ్యారిభామ, దాని వెనుక మాడుతున్న చెనిక్కాయ. ఆ రెంటికీ ఉన్న బంధుత్వం ఆ ఏడాది బండిలో ఎవరికీ తెలియదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో పొద్దుతిరుగుడుకు వచ్చిన మాడులోనూ ఈ పార్థీనియం పుప్పొడి పాత్ర ఉందని ఆ తరువాత అక్కడి శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ తల్లి అక్కడా స్థిరపడిందన్నమాట.

నిదానం తెలిశాక చికిత్స చవకైపోయింది. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికెయ్యాలి. పూత వచ్చాక పెరికితే పుప్పొడిని మనమే దులిపినట్టు. చేను చుట్టూ నాలుగు చాళ్ళు గానీ అంతకంటే ఎక్కువ గానీ జొన్నో సజ్జో దట్టంగా విత్తితే అది కోటగోడలా నిలిచి పుప్పొడినీ తామరపురుగునూ ఆపుతుంది. పొద్దుతిరుగుడును పక్కన వేయకూడదు. మొలకదశలో పురుగు పట్టకుండా విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించాలి. ఇంకొక సలహా వినగానే మా అన్న నమ్మలేదు: మాడిన చెనిక్కాయ మొక్కలను పీకవద్దన్నారు. చెనిక్కాయ పువ్వు తన పుప్పొడిని రేకుల లోపలే దాచుకుంటుంది, బయటికి వదలదు; కనుక మాడిన మొక్క పక్క మొక్కకు అంటించదు. పీకితే చేను పలచబడి, ఆ ఖాళీల్లో పురుగు ఇంకా సుఖంగా దిగుతుంది. రోగి మీద జాలిపడి కాదు, లెక్క చూసి చెప్పిన మాట.

2001లో అన్న జొన్నచాళ్ళు వేశాడు. వదిన చేతులకు గోనెపట్టా కట్టుకొని గట్టు మీద కలుపు తీసింది. కాని గట్టుకు అవతల బాట ఉంది, బాట పంచాయతీది. దానికి అవతల బీడు ఉంది, దాని యజమాని బెంగళూరులో ఉన్నాడు. ఆ పైన రైలుకట్ట. చేను నాది, తెగులు ఊరిది. అయిదారుగురు రైతులు కలిసి రెండు ఆదివారాలు బాట శుభ్రం చేశారు. మా బడిపిల్లలు కొందరు వస్తామన్నారు గాని, దద్దురుల భయంతో నేను వద్దన్నాను. ఆ ఏడు తెగులు లేదనను. ఉంది, తక్కువగా ఉంది. కాయ ఇంటికి వచ్చింది. కమ్మలు మాత్రం రాలేదు. వడ్డీ పెరిగి అవి కుదువలోనే మునిగిపోయాయి.

కారణం ఒకచోట, లక్షణం మరొకచోట ఉండడం ఈ ఒక్క తెగులుకే పరిమితం కాదు. ఉత్తరాదిన తరాయి నేలల్లో వరికి ఖైరా అనే జబ్బు వచ్చేది. ఆకులు తుప్పురంగుకు తిరిగి మొక్క గిడసబారేది. 1960ల్లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె అనే శాస్త్రజ్ఞుడు అది క్రిమి వల్ల కాదు, నేలలో జింకు చాలక అని తేల్చారు. ఆయన తరువాత ఇక్రిశాట్‌లో పని చేసి, సికింద్రాబాదులో ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థను స్థాపించి, సురపాలుని వృక్షాయుర్వేదాన్ని నళినీ సాధలే గారి ఇంగ్లీషు అనువాదంతో 1996లో ప్రచురించారు. సురపాలుడు చెట్ల రోగాలను కూడా వాతపిత్తకఫాలుగా విభజిస్తాడు. నవ్వు వస్తుంది గాని, చెట్టుకు రోగం రావడానికి కారణం ఉంటుందనీ, దాన్ని ముందు నిర్ణయించాలనీ అతడు పట్టుకున్న క్రమం నవ్వదగినది కాదు. సంస్కృతం వచ్చిన పండితుడూ, సూక్ష్మదర్శిని పట్టిన శాస్త్రజ్ఞుడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న సందర్భాలు మన దగ్గర చాలా తక్కువ. అందుకని ఆ పుస్తకాన్ని చెప్పకుండా ఉండలేకపోయాను.

అన్న పోయి పదేళ్ళు దాటింది. నేను ఉద్యోగ విరమణ తరువాత హిందూపురంలో ఉంటున్నాను. అన్న కొడుకు నాలుగెకరాల్లో చెనిక్కాయ వేస్తాడు. రెండెకరాల్లో బోరు కింద మల్బరీ పెట్టాడు, హిందూపురం గూళ్ళ మార్కెట్టు దగ్గర కనుక. పెనుకొండ దాపున ఇప్పుడు కార్ల కర్మాగారం వచ్చింది. దాని చుట్టుపక్కల అమ్ముడుపోయి ఖాళీగా పడి ఉన్న ప్లాట్లలో విత్తేవాడు లేడు, దున్నేవాడు లేడు. వయ్యారిభామ మాత్రం ఆ ప్లాట్లను ఏ రిజిస్ట్రేషనూ లేకుండా అనుభవిస్తోంది.

మల్బరీలో ఆకు చదవడం ఇంకా ఇరకాటం. ఇక్కడ ఆకే పంట. కొన ముడుచుకుపోతే వైరసు లాగా కనపడుతుంది; విప్పి చూస్తే లోపల తెల్లగా పిండినల్లి ఉంటుంది. తొందరపడి మందు కొడితే, ఆ ఆకు తిన్న పట్టుపురుగు చస్తుంది. అందుకని మావాడు కొన తుంచి కాల్చేస్తాడు. అది వాడికి ఎవరూ బళ్ళో చెప్పలేదు.

మొన్న శ్రావణంలో వాడు వాట్సాపులో ఒక ఫోటో పంపాడు. చెనిక్కాయ ఆకు, అరచేతిలో పెట్టుకొని, చాలా దగ్గరగా తీసినది. "చిన్నాయనా, ఇది ఏం తెగులంటావు? ఫోన్లో యాప్‌కు చూపిస్తే రెండు పేర్లు చెప్తాంది." యాప్‌ను తప్పు పట్టను. లక్షల ఆకులు చూసి నేర్చుకున్న చదువు అది. మా నాయన ఒక జీవితంలో అన్ని చూడలేదు. కాని దాని ముందు పెట్టినది ఆకు ఒక్కటే గదా. నేను జవాబుగా ఒకే మాట రాశాను: "గట్టు ఫోటో పంపు." అరగంటకు గట్టు ఫోటో వచ్చింది. పూత ఇంకా రాలేదు, మోకాటి ఎత్తు ఉంది. ఆ సాయంత్రమే ఇద్దరు కూలీలను పెట్టి తీయించాడు. ఆకు మీద ఉన్నది తిక్క మచ్చేనని రెండు రోజుల తరువాత కదిరి పరిశోధనస్థానంలో చూపించుకొని వచ్చాడు. దానికి వేరే మందు ఉంది, కొట్టాడు.

చివరగా మిత్రులకు ఒక మనవి. ఈ మొక్కకు నేను విన్న పేర్లు పైన రాసినవే. మా చిలమత్తూరు వైపు కన్నడం కలిసిన మరో రెండు మూడు పేర్లు చెవిన పడ్డాయి గాని, రూపం సరిగా పట్టుకోలేకపోయాను. కోస్తాలోనూ, తెలంగాణంలోనూ, బళ్ళారి, హొసూరు వైపు తెలుగువారి ఇళ్ళలోనూ దీన్ని ఏమని పిలుస్తారో, వయ్యారిభామ అన్న పేరును మీ పెద్దలు ఎప్పటినుంచి వాడుతున్నారో తెలిసినవారు ఒక ముక్క రాయగలరు. ఊరి పేరు కూడా జత చేస్తే నా కాగితంలో ఎక్కించుకుంటాను.